నవ్వుతూ పుట్టిన మతాల గురించి మీరు అడిగినవి

పోయిన నెల ఈ శీర్షికలో ‘స్పగెట్టీ దేవుడు’ (స్పగెట్టీ అంటే సేమ్యాలాంటి ఇటలీ వంటకం) అని ఒక్క మాట రాశాను. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేని మీదా రాలేదు. కొందరు నవ్వారు, ఇద్దరు ముగ్గురు కోప్పడ్డారు, ఎక్కువమంది ‘ఇది నిజంగా ఉందా మేడం?’ అని అడిగారు. ముప్పయ్యేళ్ళు కాలేజీలో మతాల చరిత్ర పాఠం చెప్పాను. నాకు ఎంతో ఇష్టమైన అధ్యాయం ఇది. అందుకే ఈసారి పేజీ మొత్తం వీటికే ఇస్తున్నాను.

మేడం, స్పగెట్టీని దేవుడని కొలిచేవాళ్ళు నిజంగా ఉన్నారా? మా తమ్ముడు ఫోన్‌లో ఏదో బొమ్మ చూపించి ‘ఇదే మా దేవుడు’ అంటున్నాడు. ఆటపట్టిస్తున్నాడో ఏమో తెలియడం లేదు.
– డిగ్రీ విద్యార్థిని

ఉన్నారమ్మా. ఆ బొమ్మ ఎలా పుట్టిందో తెలిస్తే మీ తమ్ముడి మీద మీకు కోపం రాదు.

2005లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్ర విద్యా బోర్డులో ఒక వివాదం నడుస్తోంది. బడిలో జీవపరిణామం చెప్పే సైన్సు క్లాసులోకి ‘ఇంటెలిజెంట్ డిజైన్’ను కూడా రానివ్వాలా అన్నది గొడవ. ప్రాణులను తెలివిగల శక్తి ఏదో రూపొందించిందనే వాదం అది. అప్పుడు బాబీ హెండర్సన్ అనే 24 ఏళ్ళ కుర్రాడు బోర్డుకు బహిరంగ లేఖ రాశాడు. అతను ఓరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో ఫిజిక్స్ చదివినవాడు. లేఖలో ఎక్కడా గొంతు పెంచలేదు. విశ్వాన్ని సృష్టించింది ఎగిరే స్పగెట్టీ భూతమని మేం నమ్ముతున్నాం, ఆ వాదానికి చోటిస్తే మాదానికీ ఇవ్వండి అన్నాడు. క్లాసు సమయాన్ని మూడు వాటాలు చేసి ఒకటి వాళ్ళకు, ఒకటి మాకు, మూడోది కళ్ళెదుట ఆధారాలతో తేలినదానికి ఇవ్వండి అని ఎంతో మర్యాదగా అడిగాడు. బోర్డు సభ్యుల్లో కొందరు అతనికి జవాబు కూడా రాశారు.

లేఖతో పాటు ఒక గ్రాఫు పెట్టాడు. అడ్డగీత మీద సముద్రపు దొంగల సంఖ్య, నిలువుగీత మీద భూమి సగటు ఉష్ణోగ్రత. దొంగలు తగ్గుతున్న కొద్దీ వేడి పెరుగుతోంది, కాబట్టి భూమి వేడెక్కడానికి దొంగలు లేకపోవడమే కారణమని వాదన. ఈ గ్రాఫును నేను ఏటా బోర్డు మీద గీసేదాన్ని. పిల్లలు ముందు నవ్వేవాళ్ళు. ‘అడ్డగీత మీద అంకెలు వరసగా చదవండి’ అనేదాన్ని. 35000, ఆ తర్వాత 45000, ఆ తర్వాత 20000, చివర్లో 400, 17. రెండో అంకె దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు ‘మేడం, వరస తప్పింది’ అనేవాళ్ళు. గ్రాఫు నున్నగా పైకి వెళ్తున్నట్టు కనిపిస్తే అంకెల వంక ఎవరూ చూడరు. రెండు విషయాలు కలిసి నడిచినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణం కాదని పాఠ్యపుస్తకంలో చదివిన పిల్లలు నెల తిరక్కుండా మరిచిపోతారు. సముద్రపు దొంగల గ్రాఫు చూసిన పిల్లలు మాత్రం పెళ్ళిళ్ళై పిల్లలు పుట్టాక కనిపించినా దాన్నే గుర్తు చేస్తారు.

కాన్సాస్ బోర్డు 2005 నవంబరులో పరిణామ సిద్ధాంతాన్ని తక్కువ చేసే ప్రమాణాలను 6–4 ఓట్లతో ఆమోదించింది. మధ్యలో ఎన్నికలు జరిగి సభ్యులు మారారు. 2007 ఫిబ్రవరిలో అదే 6–4తో వాటిని తీసేసింది. హెండర్సన్ లేఖ వల్లే ఇది జరిగిందని నేను అనను. లేఖ మాత్రం బోర్డు గొడవ తీరాక కూడా బతికింది. 2006లో అతను ఒక సువార్త పుస్తకం వేశాడు. అందులో సముద్రపు దొంగల నాయకుడికి (ఈ మతానికి మొదటి భక్తులు వాళ్ళే) దేవుడు పది పలకలు ఇస్తాడు. కొండ దిగేటప్పుడు రెండు జారి పడిపోతాయి. మిగిలిన ఎనిమిదింట్లో ఒక్కటీ ఆజ్ఞలా ఉండదు. ‘మీరు ఇలా చేయకుండా ఉంటే నాకు బాగుంటుంది’ అన్న ధోరణిలో ఉంటాయి. పేదరికం పోగొట్టడానికీ జబ్బులు నయం చేయడానికీ పనికొచ్చే డబ్బుతో నాకు కోట్ల ఖర్చుతో గుళ్ళు కట్టకుండా ఉంటే బాగుంటుంది అంటాడు ఆ దేవుడు. మీ తమ్ముడు ఇది చదివాడో లేదో అడగండి. చదవకపోతే చదివించండి.

దైవం అంటే నమ్మకం ఉన్న మనిషిని. ఇలాంటివి చదివితే మనసు కష్టపడుతుంది. ఇది మతాలను ఎగతాళి చేయడం కాదా? మీలాంటి పెద్దవాళ్ళు దీన్ని ప్రోత్సహించడం ఏం సబబు?
– విశ్రాంత ఉద్యోగి

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ కష్టం నాకు అర్థమవుతుంది. ఎగతాళి అసలు లేదని చెప్పను, ఉంది. అయితే అది ఎవరి మీద గురి పెట్టిందో చూడమని కోరుతున్నాను. కాన్సాస్ లేఖ ప్రార్థన చేసుకునేవాళ్ళ మీద రాసింది కాదు, సైన్సు పాఠంలో ఏం ఉండాలో ఓట్లతో తేల్చేవాళ్ళకు రాసింది. హెండర్సన్ కూడా తన గొడవ మతంతో కాదని, సైన్సు పేరుతో చెప్పే మతంతో అని అంటూ వచ్చాడు.

ఇంకో మాట. ఈ మతాల మీద నాకు గౌరవం కలిగించిన సంగతి ఒకటి ఉంది. ఇవి తమ పుట్టుకను దాచవు. సిడ్నీ యూనివర్సిటీలో మతాలను అధ్యయనం చేసే కరోల్ క్యూసాక్ 2010లో వీటి మీద ఒక పుస్తకం రాశారు. ఇవి తాము కల్పితమని బహిరంగంగా ఒప్పుకుంటాయన్న లక్షణాన్ని పట్టుకునే ఆమె వీటికి ‘కల్పిత మతాలు’ అని పేరు పెట్టారు. మోసగాడు తన కథను నిజమని చెప్పి అమ్ముతాడు. వీళ్ళు మొదటి పేజీలోనే ‘ఇది మేం అల్లింది’ అని చెప్పి, ఆ తర్వాత మిమ్మల్ని లోపలికి రమ్మంటారు. కల్పించడం వేరు, మోసగించడం వేరు. ఈ రెండూ ఒకటేనన్న భావన మనలో చాలామందికి ఉంది, ఒకప్పుడు నాకూ ఉండేది.

మీ నమ్మకాన్ని ఎవరైనా మీ ముందు కించపరిస్తే తప్పకుండా కోప్పడండి. అప్పుడు నేను మీ పక్షమే.

వీటిలో అన్నిటికంటే పాతది ఏది?
– ఒక పాఠకుడు

‘పాతది’ అంటే ఎక్కడి నుంచి లెక్కపెట్టాలన్నది పేచీయే. ఇప్పటికీ బతికున్న వాటిలో నేను ముందు చెప్పేది డిస్కార్డియనిజం.

1950ల చివర్లో కాలిఫోర్నియాలో గ్రెగ్ హిల్, కెరీ థార్న్లీ అనే ఇద్దరు కుర్రాళ్ళు, బంతిని దొర్లించి కర్రలు పడగొట్టే బౌలింగ్ ఆట ఆడే చోట, దీన్ని మొదలుపెట్టారు. వాళ్ళ దేవత ఎరిస్. గ్రీకు పురాణాల్లో కలహాల దేవత. పెళ్ళికి పిలవలేదన్న కోపంతో ‘అందరిలోకీ అందగత్తెకు’ అని రాసిన బంగారు ఆపిల్‌ను విందులోకి విసిరి, చివరికి ట్రాయ్ యుద్ధానికి దారి తీసిన దేవత. లోకంలో క్రమం ఎంత నిజమో గందరగోళమూ అంతే నిజం, దానికీ ఒక దేవత ఉండాలి కదా అన్నది వాళ్ళ ఆలోచన. వాళ్ళ గ్రంథం ‘ప్రిన్సిపియా డిస్కార్డియా’ మొదటిసారి 1960లలో వచ్చింది, అదీ ఐదు కాపీలేనంటారు. ఇప్పుడు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, హక్కులన్నీ వదిలేశారు.

ఆ పుస్తకం చూస్తే ఎవరో స్నేహితుడి నోట్సు చూస్తున్నట్టు ఉంటుంది. టైపు మిషన్ అక్షరాలు, కత్తిరించి అంటించిన బొమ్మలు, రబ్బరు స్టాంపులు, మార్జిన్లలో చేతిరాత. వాళ్ళకు ఐదు ఆజ్ఞలు. చివరిది, డిస్కార్డియన్ తాను చదివినదాన్ని నమ్మకూడదు. ఆ ఆజ్ఞను కూడా చదివే తెలుసుకోవాలి కదా! క్లాసులో ఇది చెప్పి కాసేపు ఆగేదాన్ని. మెలిక అందరికీ ఒకేసారి అందదు, ఒక్కొక్కరి మొహంలోకీ ఒక్కో క్షణంలో వస్తుంది. అది చూడడం నాకు మహా ఇష్టం. ఇంకొకటి, భూమ్మీద ఉన్న ప్రతి మనిషీ వాళ్ళ దృష్టిలో పోప్, అంటే కాథలిక్కుల పెద్ద మతగురువు లాంటివాడే. ఆ మాట అచ్చేసిన కార్డులు పంచుకుంటారు.

ఇదంతా ఆటే. కానీ గ్రెగ్ హిల్ తర్వాత చెప్పిన మాట ఒకటి నన్ను వదల్లేదు. అమెరికాలోని కొత్త మతాల మీద 1979లో పుస్తకం రాసిన మార్గో యాడ్లర్‌తో మాట్లాడుతూ, మొదట తనను తాను విదూషకుడిగానే అనుకున్నానని, అయితే ఇలాంటి పనిని బాగా చేస్తే అది నిజంగానే పనిచేయడం మొదలుపెడుతుందని, దేవుడున్నాడా లేడా అన్న వాదనకే తర్వాత అర్థం లేకుండా పోయిందని అన్నాడు. ఆట మొదలుపెట్టినవాడే ఆ మాట అన్నాడు. కల్పించినది కాబట్టి లోపల ఏమీ ఉండదని మనం ఎలా అంటాం?

థార్న్లీ జీవితం మరోలా నడిచింది. సైన్యంలో ఉన్నప్పుడు అతనికి, తర్వాత అమెరికా అధ్యక్షుడు కెనెడీని హత్య చేశాడన్న ఆరోపణతో పట్టుబడిన లీ హార్వే ఆస్వాల్డ్‌తో పరిచయం. కెనెడీ హత్యకు ముందే, 1962లో, ఆస్వాల్డ్‌ను పోలిన పాత్రతో నవల రాశాడు. 1964లో, ఆ హత్యపై విచారించిన వారెన్ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. తన చుట్టూ ఏదో పెద్ద కుట్ర జరిగిందన్న అనుమానం తర్వాత అతన్ని పట్టుకుని వదల్లేదు. గందరగోళం దేవతతో ఆడుకున్న మనిషికి అలా జరగడం చదివినప్పుడల్లా బాధేస్తుంది. 1998లో పోయాడు.

చిల్లుల గిన్నె తలమీద పెట్టుకున్న ఫొటోతో ఎవరికో డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చారని చదివాను. ఒక దేశం సరే అంటుంది, ఇంకో దేశం కాదంటుంది. ఎందుకు మేడం?
– లా విద్యార్థి

స్పగెట్టీ ఉడికాక నీళ్ళు వంచే గిన్నె అది, వాళ్ళకు శిరోభూషణం. ఆస్ట్రియాలో నికో ఆల్మ్ అనే ఆయనకు 2011లో ఆ ఫొటోతో లైసెన్సు వచ్చింది. దరఖాస్తు పెట్టాక మూడేళ్ళు పట్టింది, మధ్యలో మానసికంగా బండి నడపడానికి తగునో లేదో పరీక్ష కూడా చేయించుకోవాల్సి వచ్చింది. ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా వదిలేసే ముక్క ఒకటుంది. మతం పేరు మీద ఒప్పుకోలేదని, ముఖం పూర్తిగా కనిపిస్తోంది కాబట్టే ఒప్పుకున్నామని అధికారులు చెప్పారు.

జవాబు రాసేముందు వంటింట్లోని చిల్లుల గిన్నె తలమీద పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. నిజంగానే ముఖం మొత్తం కనిపిస్తుంది. కాకపోతే తల కాస్త వంచితే చాలు, జారి కనుబొమల మీదికి వస్తుంది. మెడ నిటారుగా, కళ్ళు ఎదురుగా పెట్టుకోవాలి. ఫొటో తీసేవాళ్ళు ఎలాగూ అలాగే కూర్చోమంటారు కదా!

న్యూజిలాండ్‌లో అడిగిన ప్రశ్న వేరు. పెళ్ళి జరిపించే అధికారం ఒక సంస్థకు ఇవ్వాలంటే, అది మత విశ్వాసాలనో తాత్విక, మానవీయ భావాలనో నిలబెట్టేదై ఉండాలని అక్కడి చట్టం. 2015 డిసెంబరులో స్పగెట్టీ చర్చికి ఆ అనుమతి వచ్చింది. 2016 ఏప్రిల్‌లో అకరోవాలో మొదటి పెళ్ళి జరిగింది. ఓడ మీద, సముద్రపు దొంగల వేషాల్లో. పెళ్ళి జరిపించే ఆవిడ హోదా ‘మినిస్టెరోనీ’. పెళ్ళి మాత్రం చట్టప్రకారం అన్ని పెళ్ళిళ్ళలాంటిదే.

నెదర్లాండ్స్‌లో మీలాగే లా చదివే ఒక అమ్మాయి గిన్నె ఫొటో కోసం అన్ని మెట్లూ ఎక్కింది. మతం అనడానికి కావలసిన గాంభీర్యం, పొందిక ఇందులో లేవని 2018లో అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం కాదంది. 2021లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు కూడా ఆమె ఫిర్యాదును స్వీకరించలేదు.

మీరు తప్పకుండా చదవాల్సిన తీర్పు ఇంకొకటి ఉంది. అమెరికాలో నెబ్రాస్కా ఫెడరల్ కోర్టు, 2016. ఒక ఖైదీ జైల్లో తన స్పగెట్టీ మతాన్ని ఆచరించుకోనివ్వాలని, దొంగల దుస్తులు వేసుకోనివ్వాలని దావా వేశాడు. జడ్జి జాన్ జెరార్డ్ దాన్ని కొట్టేశారు. కానీ ఎంత శ్రద్ధగా కొట్టేశారో చూడండి. వాళ్ళ సువార్త పుస్తకాన్ని పరిశీలించారు. ఇందులో గంభీరమైన వాదనే ఉందని, సైన్సు గురించి, బడిలో మతం స్థానం గురించి ముఖ్యమైన ప్రశ్నలే అడుగుతోందని రాశారు. అయితే ఆ వాదన కోసం వేసిన వేషం మతం కాదని, ఇది పేరడీ అని తేల్చారు. దీన్ని ఒప్పుకుంటే రేపు ఖైదీ ఎవరైనా వానెగట్ నవలో హైన్‌లైన్ నవలో చదివి ‘ఇదే నా పవిత్ర గ్రంథం’ అంటాడని, బొకోననిజాన్నో చర్చ్ ఆఫ్ ఆల్ వరల్డ్స్‌నో ఆచరించుకోనివ్వమంటాడని కూడా రాశారు.

ఇక్కడ నాకు జడ్జి గారితో పేచీ ఉంది. ఆయన ఒకే తక్కెడలో వేసిన ఆ రెండింటి బరువూ ఒకటి కాదు. బొకోననిజం పుట్టింది కర్ట్ వానెగట్ 1963 నవలలో, ఒక కల్పిత ద్వీపంలో. పేద ద్వీపం. ప్రజల బతుకును బాగుచేయడం చేతకాక, వాళ్ళకు హాయినిచ్చే అబద్ధాలు అల్లి ఇస్తాడు ఆ ప్రవక్త. అబద్ధాలని చెప్పి మరీ ఇస్తాడు. ఆ నవలనే 1971లో షికాగో యూనివర్సిటీ వానెగట్‌కు మానవశాస్త్రంలో ఎం.ఏ. డిగ్రీకి సిద్ధాంత గ్రంథంగా అంగీకరించింది. కాబట్టి అది ప్రధానంగా పుస్తకంలోని మతం.

చర్చ్ ఆఫ్ ఆల్ వరల్డ్స్ అలా కాదు. రాబర్ట్ హైన్‌లైన్ 1961 నవలలో అంగారకుల దగ్గర పెరిగిన మనిషి భూమ్మీదికి వచ్చి ఒక చర్చి పెడతాడు. ఆ నవల చదివి 1962లో మిస్సోరీలో ఇద్దరు కాలేజీ స్నేహితులు, టిమ్ జెల్, లాన్స్ క్రిస్టీ, నవలలోలాగే ఒకే పాత్రలోంచి నీళ్ళు పంచుకుని తాగారు. నవలలోని అంగారకులకు నీళ్ళు అరుదు కాబట్టి, నీళ్ళు పంచుకుంటే ప్రాణం పంచుకున్నట్టే. 1968లో ఆ బృందం చట్టబద్ధంగా చర్చి అయింది. 1970లో అమెరికా ప్రభుత్వం దానికి మత సంస్థగా పన్ను మినహాయింపు ఇచ్చింది. అంటే ‘రేపు ఎవరైనా అడిగితే?’ అని జడ్జి గారు ఉదాహరణ వేసిన మతానికి అదే దేశం అప్పటికి 46 ఏళ్ళ కిందటే గుర్తింపు ఇచ్చేసింది! వాళ్ళ మూలగ్రంథం నవల అని వాళ్ళకు తెలుసు, ప్రభుత్వానికీ తెలుసు.

కోర్టులన్నీ చివరికి అడిగేది ‘నువ్వు మనస్ఫూర్తిగా అంటున్నావా?’ అని. నవ్వుతున్నవాడు మనస్ఫూర్తిగా అనడం లేదని తేలిగ్గా తేల్చేస్తారు. ఆ తేల్చడం దగ్గరే వెలితి ఉందని నా అభిప్రాయం. మీరు లాయరయ్యాక ఇలాంటి కేసు వస్తే దయచేసి నాకు రాయండి.

ఫుట్‌బాల్ ఆటగాడు మారడోనాకు చర్చి ఉందట. పుకారేనా?
– క్రీడాభిమాని

నిజమే. 1998 అక్టోబరు 30న, ఆయన పుట్టినరోజున, అర్జెంటీనాలోని రొసారియోలో అభిమానులు మొదలుపెట్టారు. ఆయన పుట్టిన 1960 నుంచే సంవత్సరాలు లెక్కపెడతారు. ఇంగ్లండ్‌పై చేత్తో గోల్ వేసిన 1986 జూన్ 22ను ఈస్టర్‌లా జరుపుకుంటారు. స్పానిష్‌లో ‘దేవుడు’ అనే మాటలో ఆయన జెర్సీ నంబరు 10ని ఇరికించి రాసుకుంటారు. ఇందులో వాదన ఏమీ లేదు, ప్రేమ ఉంది.

సినిమా చూసి జనాభా లెక్కల్లో తమ మతం ‘జెడై’ అని రాసినవాళ్ళు లక్షల్లో ఉన్నారంటే నమ్మబుద్ధి కావడం లేదు.
– బడి పంతులు

నమ్మండి మాస్టారూ. జెడైలంటే ‘స్టార్ వార్స్’ సినిమాల్లోని యోధులు. 2001లో ఇంగ్లండ్, వేల్స్‌లో కలిపి 3,90,127 మంది అలా రాశారు. జనాభాలో 0.7 శాతం. ఆస్ట్రేలియాలో 70 వేలు దాటారు, న్యూజిలాండ్‌లో 53 వేలు దాటారు. పది వేలమంది రాస్తే దాన్ని అధికారిక మతంగా గుర్తిస్తారని ఈ-మెయిళ్ళు తిరిగాయి. అది శుద్ధ అబద్ధం. గణాంకాలవాళ్ళు దానికి ఒక కోడ్ ఇచ్చారు కానీ, లెక్కలో మాత్రం ‘మతం లేదు’ అన్న గడిలోనే కలిపేశారు. 2011 నాటికి ఆ సంఖ్య 1,76,632కు పడిపోయింది. 2021కి వేలల్లోకి దిగింది.

ఇందులో నాకు నచ్చిన సంగతి బ్రిటిష్ గణాంక శాఖ ఈ లెక్కను బయటపెట్టిన తీరు. వాళ్ళు విసుక్కోలేదు. ఇరవైల వయసు కుర్రాళ్ళ చేత ఫారం నింపించడం అన్ని దేశాల్లోనూ కష్టమని, ఈ సరదా వల్ల వాళ్ళలో చాలామంది ఫారం నింపి ఉండొచ్చని అన్నారు. పాఠం చెప్పేవాళ్ళకు అర్థమయ్యే మాట ఇది. క్లాసులో వెనక బెంచీ నుంచి వచ్చిన కొంటె జవాబు కూడా జవాబే. ఆ కుర్రాడు పాఠం వింటున్నాడన్నమాట.

ఆ లక్షల్లో చాలామందికి అది ఆ ఒక్కరోజు ముచ్చట. కానీ ధ్యానం, సంయమనం, సేవ అంటూ నిజంగానే జెడై మార్గాన్ని పాటించే చిన్న బృందాలు ఉన్నాయి. అమెరికాలో రిజిస్టరైన ‘టెంపుల్ ఆఫ్ ద జెడై ఆర్డర్’ బ్రిటన్‌లో ధార్మిక సంస్థగా గుర్తింపు అడిగితే, 2016లో అక్కడి చారిటీ కమిషన్ ఇవ్వలేదు. ఇది మతం కాకుండా జీవనశైలిగా కూడా ఉండొచ్చు, పొందిక చాలదు అంది. మళ్ళీ అదే ‘పొందిక’, చూశారా! ఎన్నో శతాబ్దాల వ్యాఖ్యానాలతో వచ్చే పొందికను నిన్నగాక మొన్న పుట్టినవాళ్ళను చూపించమంటే వాళ్ళెక్కడి నుంచి తెస్తారు?

మా అబ్బాయికి 27 ఏళ్ళు, మంచి ఉద్యోగం. ఆన్‌లైన్‌లో ‘డ్యూడిజం’ అనే మతంలో పూజారినయ్యానని సర్టిఫికెట్ ప్రింటు తీసి గోడకు అంటించాడు. అడిగితే నవ్వుతాడు. దారి తప్పుతున్నాడేమోనని టెన్షన్‌గా ఉంది మేడం గారూ.
– ఒక తల్లి

అమ్మా, ముందు మీరు కాస్త కుదుటపడండి. డ్యూడిజం 2005లో మొదలైంది. థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో ఉంటున్న ఆలివర్ బెంజమిన్ అనే పాత్రికేయుడు పెట్టాడు. 1998లో వచ్చిన ‘ద బిగ్ లెబౌస్కీ’ సినిమాలో ఏ హడావుడీ లేకుండా బతికే ఒక పాత్ర ఉంది. ఆ పాత్రలో అతనికి చైనావాళ్ళ తావో మార్గం కనిపించింది. పరుగులు పెట్టకు, పోయినదాని కోసం పాకులాడకు, స్నేహితులతో ఉండు, ఇదే బోధ. సర్టిఫికెట్ కావాలన్నవాళ్ళకల్లా ఇస్తారు, లక్షల మంది తీసుకున్నారు.

ఏ బృందం గురించైనా, పాతదైనా కొత్తదైనా, నేను తల్లిదండ్రులకు చెప్పేది ఒకటే. మీ వాడి దగ్గర డబ్బు పోతోందా? పాత స్నేహితులను, మిమ్మల్ని దూరం పెడుతున్నాడా? వదిలేస్తే ఏదో అవుతుందని భయపడుతున్నాడా? దాని మీద జోక్ వేస్తే మొహం మాడ్చుకుంటున్నాడా? మీ ఉత్తరంలో ‘అడిగితే నవ్వుతాడు’ అని రాశారు చూడండి, అది చదవగానే నా మనసు తేలికపడింది.

నేనైతే ఇంకో వైపు నుంచి ఆలోచిస్తాను. 27 ఏళ్ళకే ‘పరుగులు పెట్టకు’ అన్న మాట గోడకు అంటించుకోవాలనిపించిందంటే, ఆఫీసులో వాడు ఎంత పరిగెడుతున్నాడో! మతం సంగతి పక్కన పెట్టి, ఏం తిన్నావురా, ఎన్నింటికి పడుకుంటున్నావురా అని అడగండి.

వీళ్ళలో ఎవరైనా లోకం అంతమైపోతుందని చెప్పారా?
– ఒక పాఠకురాలు

చెప్పారు. 1979లో టెక్సాస్‌లోని డల్లస్‌లో మొదలైన చర్చ్ ఆఫ్ ద సబ్‌జీనియస్‌వాళ్ళు 1998 జూలై 5 ఉదయం ఏడింటికి అంతరిక్ష నౌకలు వచ్చి తమను తీసుకెళ్తాయన్నారు. ఆ రోజు ఒకచోట కలిసి ఎదురుచూశారు. నౌకలు రాలేదు. అంకెను తలకిందులుగా చదివామేమో, అసలు సంవత్సరం 8661 అని సర్దుకుని, ప్రతి ఏటా అదే తేదీకి కలుస్తూ వచ్చారు. జోస్యం తప్పినా కలుసుకోవడం ఆగలేదన్నది ఇందులో నాకు ముఖ్యంగా తోచేది.

మేం ఐదుగురు స్నేహితులం కలిసి ఒక మతం తయారుచేద్దామనుకుంటున్నాం. సరదాకే. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– కాలేజీ కుర్రాడు

భలే ఉత్తరం బాబూ. ఈ పని నా క్లాసులో ఏటా చేయించేదాన్ని. అరగంట టైమిచ్చి, ఐదేసి మందిని కూర్చోబెట్టి, మతం ఒకటి కల్పించమనేదాన్ని. చాలా వాటిని ఆ గంటకే మరిచిపోయేవాళ్ళు. ఒక్క బ్యాచ్ సంగతి మాత్రం చెబుతాను.

వాళ్ళు పోయిన పెన్ను మూతల మీద మతం పెట్టారు. లోకంలో పోయిన మూతలన్నీ ఒకచోట చేరతాయని, అక్కడ ప్రతి మూతకూ దాని పెన్ను దొరుకుతుందని నమ్మకం. ఎదురుపడితే ‘నీ మూత దొరకాలి’ అనుకోవాలి. అరగంట పని అంతే. మరుసటి వారం వెళ్ళేసరికి వెనక కిటికీలో ఖాళీ చెప్పుల పెట్టె ఒకటి వెలిసింది. నేల మీద దొరికిన మూతలన్నీ అందులో వేస్తున్నారు, వేరే క్లాసు పిల్లలు కూడా తెచ్చి వేస్తున్నారు. మూడో వారం గొడవ వచ్చింది. మూత పోగొట్టుకున్నవాడు, తన పెన్నుకు సరిపోకపోయినా, పెట్టెలోంచి ఒకటి తీసుకోవచ్చా? తీసుకోవచ్చని ఇద్దరు, అది మూతకు అన్యాయమని ముగ్గురు. వాళ్ళలో ఒకమ్మాయి గీతల కాగితం మీద నియమాలు రాసింది. ఆ కాగితం నా దగ్గర ఇంకా ఉంది. నాలుగో నియమం రెండుసార్లు కొట్టేసి మూడోసారి రాశారు. ‘అవసరమైనవాళ్ళు తీసుకోవచ్చు, తీసుకున్నట్టు ఎవరికీ చెప్పనక్కర్లేదు.’ పద్దెనిమిదేళ్ళ పిల్లలు, పెన్ను మూతల దగ్గర మొదలుపెట్టి, అక్కడిదాకా వచ్చారు.

ఆ సెమిస్టర్‌లో వాళ్ళలో ఒకబ్బాయి వాళ్ళ నాన్న పోయారు. తిరిగి క్లాసుకు వచ్చిన రోజున మిగతా నలుగురికీ ఏం మాట్లాడాలో తెలియలేదు. చివరికి ఒకడు దగ్గరికి వెళ్ళి ‘నీ మూత దొరకాలి’ అన్నాడు. ఆ అబ్బాయి తలూపాడు. నేను హాజరు పట్టీ మీద తల వంచుకుని ఉండిపోయాను.

కాబట్టి జాగ్రత్తలు అడిగారు కనుక చెబుతున్నాను. మీరు కల్పించారన్న సంగతి మొదటి పేజీలోనే రాయండి. డబ్బు వసూలు చేయకండి, పావలా కూడా. వెళ్ళిపోతానన్నవాడిని ఎందుకని అడక్కండి. బతికున్న మనిషిని దేవుణ్ణి చేయకండి, ముఖ్యంగా మీ ఐదుగురిలో ఒకణ్ణి. అవతలివాళ్ళు పవిత్రంగా చూసుకునే వస్తువును మీ ఆటలోకి లాగకండి, మీ వస్తువు మీరే వెతుక్కోండి.

ఇంకొకటి. ఏడాది అయిపోయాక ఆ చెప్పుల పెట్టెను ఏం చేయాలన్నది మా వాళ్ళు కాగితం మీద రాసుకోలేదు. చివరి రోజున ముగ్గురు మూతలు పంచుకుందామన్నారు, ఇద్దరు పెట్టెను కదపొద్దన్నారు. బస్సు వేళ దాటిపోయినా తేలలేదు. మీరు మాత్రం అది ముందే రాసుకోండి.